ఒకే ఫైలు, మూడు వందల పేర్లు

ఒక రాత్రి అరచేతిలో పట్టేంత లినక్స్ బోర్డు ముందు కూర్చున్నాను. లాప్‌టాప్‌లో కొత్తగా బిల్డ్ చేసిన బిజీబాక్స్ అనే ప్రోగ్రామ్ ఫైలును నెట్‌వర్క్ మీదుగా బోర్డులోకి పంపి, ఎంవీ కమాండ్‌తో పాత ఫైలు మీదికి జరిపాను. పని అయిపోయిందనుకుని అలవాటు కొద్దీ, ఫైళ్ల పేర్లు చూపించే ఎల్‌ఎస్ కొట్టాను.

"ఎల్‌ఎస్: నాట్ ఫౌండ్" అంది.

టైపింగ్ తప్పేమోనని మళ్లీ కొట్టాను. అదే జవాబు. ఫైళ్లను కాపీ చేసే సీపీ కొడితే నాట్ ఫౌండ్. క్యాట్, ఎల్ఎన్, పీఎస్, అన్నిటికీ అదే మాట. ఆఖరికి రీబూట్ కూడా నాట్ ఫౌండ్. ఆ చివరిది దొరక్కపోవడమే నా అదృష్టమని కాసేపటికి అర్థమైంది. ఆ బోర్డు బూట్ అవ్వగానే మొదట లేచే ఇనిట్ కూడా ఆ ఫైలే. రీబూట్ గనక అయివుంటే బోర్డు మళ్లీ లేచేది కాదు.

ఎందుకిలా అయిందంటే, ఆ బోర్డులో ఎల్‌ఎస్ అనే ప్రోగ్రామే లేదు. సీపీ లేదు, క్యాట్ లేదు. ఉన్నది బిజీబాక్స్ అనే ఒకే ఒక్క ఫైలు. మిగిలిన మూడు వందల పైచిలుకు పేర్లూ దాని వైపు చూపించే సిమ్‌లింకులు. ఇలా చాలా పేర్లతో పిలవగలిగే ప్రోగ్రామ్ ఫైలును మల్టీకాల్ బైనరీ అంటారు. నేను పెట్టిన కొత్త ఫైలు ఆ బోర్డులో నడవదు. దాంతో అన్ని కమాండ్లూ ఒక్క క్షణంలో పోయాయి.

ఇంత జరిగాక నేను "దేని ఫైలు దానికే ఉండాలి" అని వాదించాలి. కానీ నా వాదన అది కాదు. కలపడం మంచిదే, చాలాసార్లు విడివిడిగా ఉంచడం కన్నా మంచిది. కాకపోతే దాన్ని మనం తప్పు కొలతతో కొలుస్తున్నాం. ఎన్ని మెగాబైట్లు మిగిలాయని లెక్కేస్తాం గానీ, ఇకమీదట ఏవేవి కలిసి బతికి కలిసి చావాలో, ఏవేవి ఒకే అధికారాన్ని పంచుకోవాలో చూడం.

ఇదేదో మూలనపడిన బోర్డుల గొడవ అనుకోకండి. ఆండ్రాయిడ్ ఫోనులో షెల్, అంటే మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్, తెరిచి, సిస్టమ్ కింద ఉండే బిన్ డైరెక్టరీని వివరంగా లిస్ట్ చేసి చూడండి. బోలెడు పేర్ల పక్కన బాణం గుర్తు, ఆ బాణం పక్కన టాయ్‌బాక్స్ అనే మాట కనిపిస్తాయి. అంతకుముందు బిజీబాక్స్‌ను చూసుకున్న రాబ్ లాండ్లీ 2006లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2015లో ఆండ్రాయిడ్ 6.0తో ఫోన్లలోకి వచ్చింది. మామూలు డెస్క్‌టాప్ లినక్స్‌లోనూ ఇదే కథ. ఎల్ఎస్‌మాడ్, మాడ్‌ప్రోబ్, ఇన్స్‌మాడ్ మూడూ కేమాడ్ అనే ఒక ఫైలుకు పేర్లు. సిస్టమ్‌డీ ఉన్న మెషీన్‌లో రీబూట్, పవరాఫ్ అనేవి సిస్టమ్‌సీటీఎల్‌కు మారుపేర్లు. ఎల్‌వీఎం వాడేవాళ్లు రోజూ కొట్టే పాతిక ముప్పై కమాండ్ల వెనకా ఒకటే బైనరీ. ఇంకా వెనక్కి వెళ్తే, వీఐ, ఈఎక్స్ ఎడిటర్లు పుట్టిన దగ్గర్నుంచీ ఒకే ప్రోగ్రామ్. ఏ పేరుతో పిలిస్తే ఆ ముఖం చూపిస్తుంది.

ఆ ముఖం ఎలా మారుతుందో తెలిస్తే తప్ప మిగతా వాదన నిలవదు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

యూనిక్స్ తరహా సిస్టమ్‌లో ప్రోగ్రామ్‌ను నడపమని సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను అడిగేటప్పుడు రెండు సంగతులు విడివిడిగా చెప్తాం. ఏ ఫైలును నడపాలి అన్నది ఒకటి. ఆ ప్రోగ్రామ్ చేతికి ఏ మాటల వరస ఇవ్వాలి అన్నది రెండోది. ఆ వరసలో మొట్టమొదటి మాటను సీ భాషలో ఆర్గ్‌వీ సున్నా అంటారు. అక్కడ ప్రోగ్రామ్ పేరు పెట్టడం ఆనవాయితీ. ఆనవాయితీ మాత్రమే. ఆ పేరూ ఆ ఫైలూ ఒకటేనా అని కెర్నల్ చూడదు. మనం ఎల్‌ఎస్ అని కొడితే షెల్ ఆ పేరు గల లింకును వెతికి, దాన్ని నడపమని చెప్తూ, మొదటి మాటగా ఎల్‌ఎస్ అని రాసి పంపుతుంది. కెర్నల్ లింకు వెంట పోయి బిజీబాక్స్‌ను లేపుతుంది. బిజీబాక్స్ లేవగానే ఆ మొదటి మాట చూసుకుంటుంది. ముందు ఏదైనా డైరెక్టరీ దారి ఉంటే కత్తిరించి, మిగిలిన పేరును తనలో అక్షర క్రమంలో పేర్చుకున్న పట్టికలో వెతికి, దొరికిన ఫంక్షన్‌కు పని అప్పగిస్తుంది. ఆ ఫంక్షన్లను బిజీబాక్స్ వాళ్లు యాప్లెట్లు అంటారు. పేరు పట్టికలో లేకపోతే "యాప్లెట్ నాట్ ఫౌండ్" అని చెప్పి ఆగిపోతుంది. తన పేరే "బిజీబాక్స్" అని మొదలైతే మాత్రం, రెండో మాటను యాప్లెట్ పేరుగా తీసుకుంటుంది.

మెకానిజం మొత్తం ఇంతే. సీ తెలిసిన ఎవరైనా మధ్యాహ్నం కూర్చుని రాసేయగలరు.

ఇప్పుడు నా బోర్డు దగ్గరికి వద్దాం. కొత్త ఫైలు గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీకి డైనమిక్‌గా లింకయింది, అంటే ఆ లైబ్రరీ దాని లోపల ఉండదు, లేచేటప్పుడు బయట వెతుక్కుంటుంది. బోర్డులో ఉన్నది మజిల్ అనే చిన్న సీ లైబ్రరీ. కొత్త ఫైలు తనను లోడ్ చేయడానికి ఒక లోడర్ కావాలని తన హెడర్‌లో రాసుకుంటుంది, ఆ లోడర్ బోర్డులో లేదు. అప్పుడు కెర్నల్ "ఆ ఫైలు లేదు" అంటుంది. లేనిది లోడర్, కానీ షెల్ దాన్ని ఎల్‌ఎస్ మీదకు తోసి "ఎల్‌ఎస్: నాట్ ఫౌండ్" అని రాస్తుంది. ఎదురుగా ఫైలు కనబడుతున్నా లేదనే ఈ ఎర్రర్ ఎంతమంది సాయంత్రాలు తినేసిందో!

చేతిలో మిగిలింది అప్పటికే నడుస్తున్న షెల్. అదీ బిజీబాక్సే, కానీ పాత బిజీబాక్స్. ఫైలును డిస్కు మీద మార్చినా, నడుస్తున్న ప్రాసెస్ పట్టుకున్న పాత ఐనోడ్, అంటే పేరు వెనకుండే అసలు ఫైలు, ఆ ప్రాసెస్ ఉన్నంతవరకూ పోదు. షెల్‌లోనే ఉండే కమాండ్లు పని చేస్తున్నాయి. ఎకో పక్కన నక్షత్రం గుర్తు పెట్టి కొడితే డైరెక్టరీలోని పేర్లు వచ్చాయి, అది నా ఎల్‌ఎస్. ఇంకో టెర్మినల్ తెరుద్దామంటే కొత్త లాగిన్‌కు కొత్త షెల్ కావాలి, అది లేవదు. అంటే ఈ ఒక్క కిటికీ మూసుకుపోతే కథ ముగిసినట్టే. లాప్‌టాప్ నిద్రలోకి పోకుండా టచ్‌ప్యాడ్ మీద ఒక వేలు ఆడిస్తూనే ఉన్నాను. అంత టెన్షన్.

ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ నంబరు కింద ఎగ్జీ అనే లింకు ఒకటి ఉంటుంది. ఆ ప్రాసెస్ ఏ ఫైలు నుంచి లేచిందో అది చూపిస్తుంది. డిస్కు మీద ఆ పేరు చెరిగిపోయినా ఆ లింకు ద్వారా పాత ఫైలును ఇంకా చదవచ్చు, నడపచ్చు కూడా. ఆహా అనుకుని ఆ లింకునే నడిపాను. "ఎగ్జీ: యాప్లెట్ నాట్ ఫౌండ్" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాత బిజీబాక్స్ చక్కగా లేచింది, తన పేరేమిటో చూసుకుంది, పేరు "ఎగ్జీ" అని ఉంది, అలాంటి యాప్లెట్ నాకు తెలియదంది. మనిషి బతికే ఉన్నాడు, పిలవాల్సిన పేరుతో పిలవాలి, అంతే.

కొన్ని షెల్‌లలో ఎగ్జెక్ కమాండ్‌కు -ఏ అనే ఆప్షన్ ఉంటుంది. ఈ ఫైలును నడుపు, కానీ పేరు మాత్రం నేను చెప్పింది పెట్టు అని దాని అర్థం. నా బోర్డులోని షెల్‌కు అది తెలుసు. ఒక సబ్‌షెల్‌లో, అంటే షెల్ పుట్టించే పిల్ల షెల్‌లో, పేరు సీపీ, ఫైలు ఆ ఎగ్జీ లింకు, కాపీ చేయాల్సింది కూడా ఆ ఎగ్జీ లింకే, చేరాల్సిన చోటు బిన్ కింది బిజీబాక్స్ అని రాసి ఎంటర్ కొట్టాను. ఏ మాటా రాలేదు. ఎల్‌ఎస్ కొట్టాను. ఫైళ్లన్నీ వరసగా వచ్చాయి.

నన్ను ముంచింది ఒకే ఫైలు అన్న ఏర్పాటే, తేల్చిందీ అదే. విడివిడి ప్రోగ్రామ్‌లు ఉన్న సిస్టమ్‌లో నడుస్తున్న షెల్ నుంచి సీపీని పుట్టించడం కుదరదు. ఇక్కడ షెల్ కడుపులోనే సీపీ ఉంది.

సరే, ఇలాంటి ఫైలు ఎందుకు పుట్టింది? 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ లినక్స్ కోసం బిజీబాక్స్ రాయడం మొదలుపెట్టినప్పుడు లక్ష్యం ఒకే ఒక్క ఫ్లాపీ. బూట్ అవ్వాలి, పాడైన సిస్టమ్‌ను బాగు చేయడానికి పనికిరావాలి, ఇన్‌స్టాలర్ కూడా అందులోనే ఉండాలి. ఫ్లాపీ అంటే 1.44 మెగాబైట్లు. ఇవాళ గ్లిబ్‌సీకి స్టాటిక్‌గా, అంటే లైబ్రరీని ఫైలు లోపలే పెట్టి, లింక్ చేసి "హలో" అని అచ్చువేసే ప్రోగ్రామ్ రాస్తే అదొక్కటే ఆ ఫ్లాపీలో సగం తినేస్తుంది. ప్రతి ప్రోగ్రామ్‌లోనూ అదే లైబ్రరీ కోడ్, అదే స్టార్టప్ కోడ్, అవే హెడర్లు, దానికి తోడు ప్రతి ఫైలు చివరా సగటున డిస్కు బ్లాకులో సగం ఖాళీ. కలిపేస్తే ఇవన్నీ ఒక్కసారికే సరిపోతాయి. ట్రూ అనే కమాండ్ చేసే పని సున్నా అని జవాబిచ్చి వెళ్లిపోవడం. గ్నూ వాళ్ల ట్రూ ఫైలు నా మెషీన్‌లో పాతిక కిలోబైట్ల పైనే ఉంది. సున్నా చెప్పడానికి!

అయితే ఫైళ్లను పక్కపక్కన అంటించడం వేరు, నిజంగా కలపడం వేరు. ఈ తేడా నాకు భలే ఇష్టం, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అంటించే పద్ధతికి మంచి ఉదాహరణ యూనిక్స్ కుటుంబానికే చెందిన బీఎస్‌డీ ప్రపంచంలోని క్రంచ్‌జెన్ అనే టూల్. ఉన్న ప్రోగ్రామ్‌ల సోర్సును ముట్టుకోదు. ఒక్కో ప్రోగ్రామ్ ఆబ్జెక్టు ఫైళ్లను తీసుకుని, వాటిలోని గ్లోబల్ పేర్లు ఒకదానితో ఒకటి గుద్దుకోకుండా దాచిపెట్టి, ప్రతి మెయిన్ ఫంక్షన్‌కూ ఒక కొత్త పేరిచ్చి, ముందర ఒక చిన్న డిస్పాచర్‌ను కాపలా పెట్టి, అన్నిటినీ ఒక్కసారి లింక్ చేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో రెస్క్యూ అనే డైరెక్టరీ ఇలా తయారైందే. 5.2 వెర్షన్‌లో బిన్, ఎస్‌బిన్ ప్రోగ్రామ్‌లు డైనమిక్ లింకింగ్‌కు మారాయి. లైబ్రరీలు పాడైతే అవేవీ లేవవు కాబట్టి స్టాటిక్‌గా లింకైన ఈ ముద్ద ఒకదాన్ని పక్కన పెట్టారు. దానిలోని పేర్లన్నీ హార్డ్ లింకులు, ఐనోడ్ నంబర్లు అడిగితే అన్నిటికీ ఒకటే నంబరు.

బిజీబాక్స్ దారి వేరు. అది ఒక్కో టూల్‌నూ కొత్తగా, మిగతా వాటితో కలిసి బతకాలన్న ఎరుకతో రాసుకుంది. దాని హెల్ప్ సందేశాలను చూడండి. మూడు వందల కమాండ్లకు వాడే పద్ధతి చెప్పే వాక్యాలంటే చాలా అక్షరాలు. వాటన్నిటినీ బీజిప్2తో కుదించి ఫైల్లో పెట్టుకునే సదుపాయం ఉంది. ఎవరైనా హెల్ప్ అడిగితే అప్పటికప్పుడు విప్పి చూపిస్తుంది. మరి విప్పడానికి కోడ్ ఎక్కడిది? బన్‌జిప్2 అనే కమాండ్ కోసం ఎలాగూ రాశారుగా, అదే. ఒక యాప్లెట్ కోసం రాసిన పని మిగతా మూడు వందల యాప్లెట్లకూ ఉపయోగపడింది. విడివిడి ఫైళ్లుగా ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఆలోచన ఎవరికీ రాదు, వచ్చినా లాభం ఉండదు.

ఇంకోటి. చాలా యాప్లెట్లు తమ గ్లోబల్ వేరియబుల్స్‌ను ఒకే ఉమ్మడి బఫర్‌లో పెట్టుకుంటాయి. ఎల్‌ఎస్ వాడుకునే చోటూ, మరో యాప్లెట్ వాడుకునే చోటూ అక్షరాలా ఒకే చిరునామా. గుద్దుకోవా? గుద్దుకోవు. ఎందుకంటే ఒక ప్రాసెస్‌లో ఒక యాప్లెటే నడుస్తుంది. ఎల్‌ఎస్‌ను, సార్ట్‌ను ఒకదాని అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే పైపుతో కలిపినా అవి రెండు వేర్వేరు ప్రాసెస్‌లు. ఇద్దరికీ ఫైలు ఒకటే, మెమరీ ఎవరిది వారిదే.

నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. మల్టీకాల్ అనగానే కొందరు "ఒక ప్రోగ్రామ్ ఒకే పని బాగా చేయాలన్న యూనిక్స్ సూత్రం ఏమైంది?" అంటారు. యూనిక్స్ తొలితరం వాళ్లలో ఒకరైన డగ్ మెక్‌ల్‌రాయ్ 1978లో రాసిన ఆ మాటల్లో ప్రోగ్రామ్ గురించి ఉంది, డిస్కు మీది ఫైలు గురించి లేదు. బిజీబాక్స్‌లోని సార్ట్ సార్టే చేస్తుంది. దాని ఇన్‌పుట్ పైపులోంచి వస్తుంది, అవుట్‌పుట్ పైపులోకి పోతుంది, తప్పు జరిగితే ఎగ్జిట్ కోడ్ చెప్తుంది, చచ్చిపోతే అదొక్కటే చస్తుంది. ఆ సూత్రం కాపాడమన్న గీత ప్రాసెస్ దగ్గర ఉంది. ఫైలు అనేది సరుకు మూటకట్టే పద్ధతి మాత్రమే.

ఆ గీత చెరిపేసినప్పుడే అసలు చిక్కు. బిజీబాక్స్‌లో నోఫోర్క్ అని ఒక ఏర్పాటుంది. కొన్ని చిన్న యాప్లెట్లను, కొత్త ప్రాసెస్ పుట్టించకుండా, షెల్ తనలోనే మామూలు ఫంక్షన్‌లా పిలిచేయగలదు. వేగం పెరుగుతుంది. కానీ చిన్న టూల్ రాసేవాడికి ఉండే సోమరి సుఖాలన్నీ పోతాయి. మెమరీ తీసుకుని తిరిగి ఇవ్వకపోతే మామూలుగా ఏమీ కాదు, ప్రాసెస్ పోగానే కెర్నల్ ఊడ్చేస్తుంది. నోఫోర్క్‌లో ఆ చెత్త షెల్‌లో పేరుకుంటుంది. తెరిచి మూయని ఫైలు షెల్‌కు అంటుకుంటుంది. తప్పు జరిగితే ఎగ్జిట్ పిలిచే అలవాటు షెల్‌నే చంపేస్తుంది. అందుకే ఏ యాప్లెట్ నోఫోర్క్‌కు పనికొస్తుందో వాళ్లు ఒక్కొక్కటిగా పరీక్షించి గుర్తు పెట్టుకుంటారు. అన్నిటికీ పెట్టరు.

రెండో చిక్కు అధికారానిది. దీన్ని నేను మొదటి చిక్కు కన్నా పెద్దదిగా చూస్తాను. పేరు ఉండేది డైరెక్టరీలో, అధికారం ఉండేది ఐనోడ్‌లో. మూడు వందల పేర్లకు ఐనోడ్ ఒకటే. ఎవరు నడిపినా ఫైలు యజమాని అధికారంతో లేపే సెట్‌యూఐడీ బిట్ ఐనోడ్‌దే, ఫలానా హక్కును మాత్రమే ఇచ్చే ఫైల్ కేపబిలిటీలు ఐనోడ్‌వే, భద్రతా నియమాలు చూసుకునే ఎస్‌ఈలినక్స్ లేబుల్ కూడా ఐనోడ్‌కే. పింగ్‌కు నెట్‌వర్క్ ప్యాకెట్లను నేరుగా పంపే రా సాకెట్ తెరిచే హక్కు కావాలని ఆ ఫైలుకు కేపబిలిటీ ఇస్తే, ఆ హక్కు వీఐకీ, డబ్ల్యుగెట్‌కూ కూడా వెళ్లిపోతుంది. వేరే యూజర్‌గా మారడానికి వాడే ఎస్‌యూ కోసం సెట్‌యూఐడీ పెడితే అన్ని యాప్లెట్లూ రూట్‌గా, అంటే సర్వాధికారాలతో, లేస్తాయి. బిజీబాక్స్ దీన్ని కోడ్‌తో అడ్డుకుంటుంది. లేవగానే తన పేరు చూసి, రూట్ అక్కర్లేని యాప్లెట్ అయితే అధికారం వదిలేస్తుంది. కానీ ఆ పేరు ఎవరు ఇచ్చారు? పిలిచినవాడే. "నేను ఫలానా" అని వచ్చినవాడు చెప్పిన మాటను నమ్మి తలుపు తీయడమా వద్దా అన్న ప్రశ్న ఇది. బిజీబాక్స్ కోడ్ ఆ పని జాగ్రత్తగానే చేస్తుంది. అయినా ఆల్పైన్ లినక్స్ వాళ్లు అంతదాకా ఎందుకని, సెట్‌యూఐడీ కావాల్సిన కొన్ని కమాండ్లకు బీబీసూయిడ్ అని వేరే బైనరీ పెట్టారు. నేనైతే ఆల్పైన్ పక్షం.

పేరును నమ్మడం సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. 2022 జనవరిలో ప్వన్‌కిట్ అని ఒక పెద్ద లోపం బయటపడింది. సెట్‌యూఐడీతో నడిచే పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రామ్, తనకిచ్చిన మాటల వరసలో కనీసం ఒక్క మాట, అంటే తన పేరు, ఉండే తీరుతుందని అనుకుంది. పిలిచినవాడు ఖాళీ వరస ఇస్తే, అది వరస దాటి పక్కనున్న మెమరీ చదివింది, అక్కడే రాసింది కూడా. మామూలు యూజర్ రూట్ అయిపోవడానికి అది చాలింది. పీకేఎగ్జెక్ మల్టీకాల్ బైనరీ కాదు. కానీ ఆర్గ్‌వీ సున్నా అనేది మర్యాద మాత్రమే, హామీ కాదని దానికన్నా గట్టిగా ఎవరూ చెప్పలేదు. లినక్స్ 5.18 నుంచి ఖాళీ వరస వస్తే కెర్నల్ అందులో ఒక ఖాళీ మాట పెట్టి పంపుతోంది.

ఇంతవరకూ ఊళ్లోవాళ్ల టూల్స్ గురించి చెప్పాను. మనం రాసుకునే వాటి సంగతి?

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట గో భాషలో రాసిన పదిహేడు చిన్న టూల్స్ ఉండేవి. లాగ్‌లు తెచ్చేదొకటి, కాన్ఫిగ్ ఫైలు సరిచూసేదొకటి, సర్టిఫికెట్ల గడువు చెప్పేదొకటి, ఇలా. గోలో ప్రతి బైనరీ తన రన్‌టైమ్‌ను తానే మోసుకుంటుంది, కాబట్టి ఏమీ చేయని ప్రోగ్రామ్ కూడా ఒకటి రెండు మెగాబైట్లు ఉంటుంది. కలిపేద్దాం అని నేనన్నప్పుడు అందరూ సైజు కోసమే అనుకున్నారు. సైజు నాకు పట్టలేదు, డిస్కు చవకే. నా బాధ వేరు. ఒకరి దగ్గర కాన్ఫిగ్ టూల్ కొత్తది, లాగ్ టూల్ పాతది. మధ్యలో ఫైలు ఫార్మాట్ మారింది. పాత టూల్ కొత్త ఫైలును చదివి, ఎర్రర్ కూడా ఇవ్వకుండా, తప్పు సర్వర్ లాగ్‌లు తెచ్చి పెట్టింది. ఆ లాగ్‌లు చూసుకుంటూ ఇద్దరం ఒక మధ్యాహ్నమంతా లేని బగ్‌ను వెతికాం. పదిహేడు టూల్స్‌లో ఎవరి దగ్గర ఏ కలయిక ఉందో ఎవరికీ తెలియదు. కలిపాక ఆ ప్రశ్నే లేదు. వెర్షన్ ఒకటే. ఉంటే అన్నీ కొత్తవి, లేదా అన్నీ పాతవి. మల్టీకాల్ నాకు నచ్చడానికి అసలు కారణం ఇది. ఫ్లాపీల కాలం పోయినా ఈ కారణం పోలేదు.

కలిపిన వారానికే నా మీద కూడా ఒక దెబ్బ పడింది. సర్టిఫికెట్ల టూల్ రాసినాయన, ప్యాకేజీ ఇనిట్ ఫంక్షన్‌లో ఒక కీ ఫైలు తెరిచి, లేకపోతే అక్కడే పానిక్ అయి ఆగిపోయేలా రాశాడు. విడిగా ఉన్నప్పుడు అది సబబే, కీ లేకుండా ఆ టూల్‌కు పనే లేదు. కానీ గోలో ఇంపోర్ట్ చేసిన ప్రతి ప్యాకేజీ ఇనిట్ నడిచాకే మెయిన్ మొదలవుతుంది. మనం ఏ సబ్‌కమాండ్ (బైనరీ పేరు తర్వాత రాసే పని పేరు) అడిగామో అప్పటికి ఎవరికీ తెలియదు. ఫలితం, కీ ఫైలు లేని మెషీన్‌లో వెర్షన్ చూపించమన్నా పానిక్. పదిహేడింట్లో ఒకదాని అవసరం పదిహేడింటికీ తప్పనిసరి అయింది. లైబ్రరీల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒక్క టూల్‌కు క్రిప్టో లైబ్రరీ డైనమిక్‌గా కావాలంటే, ఉమ్మడి బైనరీలోని అతి చిన్న కమాండ్ లేచినా లోడర్ ఆ లైబ్రరీని వెతుక్కోవాలి. ఇనిట్‌లో ఏ పనీ వద్దు, అడిగినప్పుడే తెరువు అని ఒక నియమం పెట్టుకున్నాక మా గొడవ తగ్గింది.

పదిహేడింట్లో పదహారే కలిపాం. పాత బ్యాకప్‌లను చెరిపేసే టూల్‌ను బయటే ఉంచాను. దాన్ని నడిపే అకౌంటు వేరు, అధికారం వేరు. ఎవరు ఏది పెద్ద అధికారంతో నడపచ్చో చెప్పే సుడో నియమంలో దానికో ప్రత్యేకమైన ఫైలు దారి ఉండాలి. కలిపితే లాగ్‌లు చూసే ప్రతివాడి చేతిలోనూ ఆ కోడ్ ఉన్నట్టే. "ఒక్కటే కదా, అదీ వేసేయ్, చక్కగా ఉంటుంది" అన్నారు. చక్కదనం కోసం కాదు కదా మనం కలిపింది.

మారుపేర్ల లింకులు పెట్టాలా, సబ్‌కమాండ్లు సరిపోతాయా అన్న చర్చ కూడా నడిచింది. దీన్ని కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్ చరిత్ర చూసి తేల్చేశాను. 2005లో గిట్ మొదలైనప్పుడు అది చిన్న చిన్న సీ ప్రోగ్రామ్‌లూ షెల్ స్క్రిప్టుల గుంపు, ప్రతిదానికీ గిట్ అని, గీత పెట్టి, పేరు. ఆ తర్వాత ఒక్కొక్కటీ గిట్ అనే బైనరీలోకి వెళ్లిపోయాయి. 2008లో 1.6.0 వచ్చినప్పుడు ఆ గీతల పేర్లను, షెల్ కమాండ్ల కోసం వెతికే పాత్ నుంచి తీసేశారు. అప్పట్లో అలవాటు పడ్డవాళ్లు గోల చేశారు. ఇప్పుడు గిట్ తర్వాత ఖాళీ పెట్టి రాయడమే అందరికీ తెలుసు. పాత స్క్రిప్టులు ఎల్‌ఎస్ అని, మాడ్‌ప్రోబ్ అని పిలుస్తాయి కాబట్టి బిజీబాక్స్‌కూ కేమాడ్‌కూ లింకులు తప్పవు. కొత్తగా రాసేవాళ్లకు ఆ బరువు లేదు, సబ్‌కమాండ్ హాయి. ఎల్‌ఎస్, సీపీ లాంటి మామూలు కమాండ్ల మూట అయిన గ్నూ కోర్‌యుటిల్స్‌ను కూడా కావాలంటే ఒకే బైనరీగా బిల్డ్ చేసుకోవచ్చు. రస్ట్‌లో రాసిన కోర్‌యుటిల్స్‌కు మల్టీకాల్ రూపమే సహజమైనది, ఎందుకంటే రస్ట్ ప్రోగ్రామ్ కూడా గో లాగే తన లైబ్రరీని తానే మోసుకుపోతుంది.

లింకుల గురించి చిన్న హెచ్చరిక కూడా. బోర్డు ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని ఒకసారి ఎస్‌సీపీతో కాపీ చేసుకున్నాను. ఎస్‌సీపీ సిమ్‌లింకును లింకుగా కాపీ చేయదు, దాని వెంట పోయి ఫైలునే తెస్తుంది. ఒక మెగాబైటు లోపు ఉన్న బిజీబాక్స్ మూడు వందల చోట్ల మూడు వందల ఫైళ్లయి కూర్చుంది. టార్ వాడివుంటే ఈ బెడద లేదు.

ఆ రాత్రి గండం గడిచాక నా బోర్డుల ఇమేజ్‌లో రెండో బిజీబాక్స్ ఒకటి పెట్టడం మొదలుపెట్టాను. స్టాటిక్‌గా లింకైంది, ఏ అప్‌డేట్ స్క్రిప్టూ ముట్టుకోని డైరెక్టరీలో ఉంటుంది. దానికి రెస్క్యూ అని పేరు పెట్టి, పరీక్షిద్దామని నడిపాను. "రెస్క్యూ: యాప్లెట్ నాట్ ఫౌండ్" అంది. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. పేరును బిజీబాక్స్-రెస్క్యూ అని మార్చాను. ఇప్పుడు పలుకుతోంది.